తాడుకీ జాతకం అడగాలి

(మా కమ్యూనిటీ రేడియో శనివారం ఉదయం కార్యక్రమంలో ప్రసారమైన ప్రసంగం ఇది. మాట్లాడిన తీరు చెడకుండా ఉన్నదున్నట్టే ఇస్తున్నాం. చివర శ్రోతలు ఫోన్లో అడిగిన ప్రశ్నలు, వాటి జవాబులు కూడా ఉన్నాయి. – సం.)



కొండలెక్కే సామాను గురించి ఓ పావుగంట మాట్లాడమని నిర్వాహకులు అడిగారు. నిజానికి వాళ్ళు అడగలేదు, నేనే అడిగించుకున్నాను. దానికి కారణం ఒక ఫోను. ముందు అది చెప్పి తర్వాత అసలు సంగతికి వస్తాను.

మూడు వారాల క్రితం ఒక మిత్రుడు ఫోన్ చేశాడు. వాళ్ళబ్బాయికి 17 ఏళ్ళు. రెండేళ్ళుగా జిమ్‌లో గోడలెక్కుతున్నాడు, ఇప్పుడు స్నేహితులతో కలిసి బయట నిజం రాళ్ళెక్కుతానంటున్నాడు. "అన్నా, ఆన్‌లైన్‌లో ఒకాయన తాడు అమ్ముతున్నాడు. 60 మీటర్లది. కొత్తదైతే 200 డాలర్ల పైమాటేనట, ఈయన 40కి ఇస్తానంటున్నాడు. ఒక్కసారే వాడాడట. మంచి డీలేనా?" అన్నాడు. వద్దన్నాను. ఫోటోలు పంపుతాను, చూసి చెప్పమన్నాడు. చూడను, వద్దన్నాను. అతనికి కాస్త కష్టం తోచింది. "నువ్వు కూర్చునే సోఫా సెకండ్ హ్యాండ్, నువ్వు నడిపే కారు సెకండ్ హ్యాండ్. మావాడి దగ్గరికొచ్చేసరికి కొత్తదే కొనాలా?" అని నిష్ఠూరమాడాడు.

మాట నిజమే. ఈ దేశం వచ్చి ఇరవై ఏళ్ళు దాటింది, గరాజ్ సేల్‌లో కొనని వస్తువు మా ఇంట్లో ఏదైనా ఉందా అంటే వెతుక్కోవాలి. మా ఆవిడ నడిగితే జాబితా చదువుతుంది. అలాంటి వాణ్ణి ఒక్క తాడు దగ్గర ఎందుకు మొండికేశానో అతనికి ఫోన్లో సరిగ్గా చెప్పలేకపోయాను. ఇవాళ చెప్పాలని ప్రయత్నం. అతను వింటున్నాడని నాకు తెలుసు.

మాది భువనగిరి దగ్గర ఒక పల్లె. భువనగిరి గుట్ట చూసినవాళ్ళకి తెలుసు, కొండంతా ఒకే రాయి, పైన కోట. ఆ గుట్ట మీద రాళ్ళెక్కడం నేర్చుకున్న మాలావత్ పూర్ణ 2014 మే 25న, పద్నాలుగేళ్ళు నిండకుండానే ఎవరెస్టు ఎక్కింది. నా చిన్నతనంలో మాత్రం దాన్ని తాడు కట్టుకుని ఎక్కొచ్చని ఎవరికీ తోచలేదు. తాడు కట్టుకుని ఎక్కేది తాటిచెట్లు.

మా ఇంటి వెనక తాటివనంలో ఒక గౌండ్లాయన కల్లు గీసేవాడు. మామా అని పిలిచేవాణ్ణి. నడుముకీ చెట్టుకీ కలిపి వేసుకునే తాడుని మోకు అంటారు. రోజూ పొద్దున చెట్టెక్కే ముందు ఆయన మోకుని రెండు చేతుల్లోకీ తీసుకుని, చూపు ఎటో పెట్టి, అంగుళం అంగుళం వేళ్ళతో తడుముతూ పోయేవాడు. మధ్యలో పలకరిస్తే పలికేవాడు కాదు. ఒకసారి పక్క వనంలో గీసే ఆయన వచ్చి, తన మోకు నలిగిపోయిందనీ, ఒక్క పూటకి ఇమ్మనీ అడిగితే ఇవ్వలేదు. కల్లు అడిగితే ముంత నిండా పోసే మనిషి! అదేంటి మామా అంటే, "ఇది నా పాణం బిడ్డా. పాణం ఎవలన్న అరువిస్తరా? ఇంకోటి, ఆయన చెట్టు మీద దీన్ని ఎట్ల గుంజుతడో నాకేమెరుక?" అన్నాడు.

ఆ రెండో మాటలో ఎంత ఇంజనీరింగు ఉందో, నేను ఇక్కడికొచ్చి, రాళ్ళెక్కడం నేర్చుకుని, ఒక పెద్ద తప్పు చేశాక గానీ బోధపడలేదు. తప్పు సంగతి కాసేపట్లో చెప్తాను.

ముందు, దుకాణంలోకి వెళ్తే కనబడే అంకెల గురించి. కారబినర్ అని ఒక అల్యూమినియం కొక్కెం ఉంటుంది, తెరిచి మూసే నాలుకతో. మనలో చాలామంది తాళంచెవులకి తగిలించుకునేది దాని బొమ్మ. అసలు దాని వెన్ను మీద మూడు అంకెలు చెక్కి ఉంటాయి, కిలోన్యూటన్లలో. ఒక కిలోన్యూటన్ అంటే మన లెక్కలో ఇంచుమించు వంద కిలోల బరువు. యూరోపియన్ ప్రమాణం ప్రకారం మామూలు కారబినర్ పొడుగువైపు లాగితే కనీసం 20 కిలోన్యూటన్లు ఆగాలి. అడ్డంగా లాగితే 7 చాలు. నాలుక తెరుచుకుని ఉన్నప్పుడు పొడుగువైపు లాగినా 7 చాలు. అంటే, రెండు టన్నులు మోసే కొక్కెం నాలుక తెరుచుకుంటే మూడోవంతు బలానికి పడిపోవచ్చన్నమాట. అందుకే తాళం పడే కారబినర్లు విడిగా ఉన్నాయి, మనిషి ప్రాణం ఒక్క కొక్కెం మీద వేలాడే చోట అవే వాడతారు. హార్డ్‌వేర్ దుకాణంలో అచ్చం ఇలాగే ఉండేవి మూడు డాలర్లకి దొరుకుతాయి. వాటి మీద చిన్న అక్షరాల్లో 'ఎక్కడానికి కాదు' అని రాసుంటుంది. అది లాయర్లు రాయించిన మాట అనుకుని నవ్వుకోవద్దు, నిజంగానే కాదు.

కనక మొదటి పరీక్ష సులువు: యు.ఐ.ఎ.ఎ. ముద్ర గానీ, సి.ఇ. అక్షరాలూ పక్కన ఇ.ఎన్. ప్రమాణం నంబరూ గానీ లేని వస్తువుని ముట్టుకోకూడదు. యు.ఐ.ఎ.ఎ. అంటే 1932లో ఏర్పడిన అంతర్జాతీయ పర్వతారోహణ సంఘాల సమాఖ్య. ఆన్‌లైన్ అంగళ్ళలో ముద్ర కూడా నకిలీ కొట్టి అమ్మేవాళ్ళున్నారు, కాబట్టి కొండ సామాను అమ్మడమే పనిగా పెట్టుకున్న దుకాణంలోనే కొనండి. ధర సగానికి సగం ఉంటే సంతోషించే ముందు ఎందుకో అడగండి.

బ్రాండ్ల గురించి చాలామంది అడుగుతారు. పేరున్న కంపెనీల మధ్య తేడా చాలావరకు రంగులో, బరువులో, చేతికి ఇమిడే తీరులో ఉంటుంది. బలంలో అంత తేడా ఉండదు, ఎందుకంటే అందరూ ఒకే పరీక్ష నెగ్గాలి. కనక దాని మీద ఎక్కువసేపు వాదించుకోనవసరం లేదు.

ఇప్పుడు తాడు. ఇక్కడ కొంచెం ఆగుదాం, ఎందుకంటే మనకి తాడు గురించి ఉన్న అభిప్రాయం తలకిందులుది. గట్టి తాడు మంచి తాడనుకుంటాం. బావిలో చేద తోడే తాడు సాగకూడదు, నిజమే. కానీ పై నుంచి పడే మనిషిని ఆపే తాడు సాగాలి. సాగకపోతే తాడు తెగదేమో గానీ మనిషి నడుము విరుగుతుంది. ఎక్కడానికి వాడే తాడుని డైనమిక్ తాడు అంటారు. నైలాన్ పోగులు పేని లోపల గుజ్జులా ఉంచి, చుట్టూ అల్లిన తొడుగు వేస్తారు. బరువంతా మోసేది ముఖ్యంగా లోపలి పోగులు, రాపిడిని కాచేది తొడుగు. ఈ పద్ధతి 1953లో జర్మనీలో వచ్చింది. అంతకుముందువి పురిపెట్టిన తాళ్ళే.

పరీక్ష ఎలా చేస్తారో వినండి. 80 కిలోల దిమ్మకి తాడు కట్టి, 2 మీటర్ల 80 సెంటీమీటర్ల తాడు మీద సుమారు 4 మీటర్ల 80 సెంటీమీటర్లు పడేస్తారు. మొదటి కుదుపులో 12 కిలోన్యూటన్లకి మించి దిమ్మ మీద పడకూడదు. అలా కనీసం 5 సార్లు పడేసినా తెగకూడదు. పెట్టె మీద '8 ఫాల్స్' అని ఉంటే ఎనిమిదిసార్లు పడితే పారేయాలని కాదు. ఆ పరీక్ష నిజజీవితంలో పడే పడడాల కన్నా చాలా క్రూరమైనది.

ఎందుకు క్రూరమైనదంటే, దెబ్బని నిర్ణయించేది ఎంత ఎత్తునుంచి పడ్డామన్నది ఒక్కటే కాదు. పడ్డ దూరాన్ని, మధ్యలో ఉన్న తాడు పొడుగుతో భాగించాలి. 20 మీటర్ల తాడు బయట ఉండగా 4 మీటర్లు పడితే ఆ తాడంతా సాగి మెత్తగా ఆపుతుంది. 2 మీటర్ల తాడే బయట ఉండగా అదే 4 మీటర్లు పడితే గుండెలదిరిపోతాయి. భాగిస్తే మొదటిదానికి పాయింట్ రెండు వస్తుంది, రెండోదానికి రెండు. రెండు అన్నది మామూలుగా ఎక్కేటప్పుడు రాగల గరిష్ఠం. గౌండ్లాయన 'ఎట్ల గుంజుతడో నాకేమెరుక' అన్నది ఈ లెక్కే. ఒక్కసారే వాడిన తాడు కావచ్చు, ఆ ఒక్కసారీ ఎలా వాడారు?

జిమ్ నుంచి బయటికి వచ్చే పిల్లలకి ఇంకో మాట. తాడుని పైన లంగరు గుండా వేసి కింద నుంచి పట్టుకునే పద్ధతిలో ప్రమాదం తక్కువే. కానీ 30 మీటర్ల రాయి మొదట్లో ఉన్నప్పుడు 60 మీటర్ల దాకా తాడు మధ్యలో ఉంటుంది. 80 కిలోల బరువు వేలాడితే పది శాతం దాకా సాగడానికి ప్రమాణం ఒప్పుకుంటుంది. నేలకి రెండు మూడు మీటర్ల ఎత్తులో జారితే తాడు సాగి సాగి కాళ్ళు నేలకి తగలొచ్చు. కొత్తల్లో తాడు చెడిపోయిందేమో అని కంగారు పడతారు. అది చెడిపోలేదు, దాని పని అది చేస్తోంది. మొదటి రెండడుగులూ పట్టుకునేవాళ్ళు తాడు బిగువుగా ఉంచాలి.

మొదటిసారి కొనేవాళ్ళకి నా సలహా: కొస మీద వృత్తంలో 1 అంకె ఉన్న తాడు, అంటే ఒక్కటే వాడదగ్గది. ½ అని ఉన్నది రెండేసి తాళ్ళు వాడే పద్ధతికి. మందం 9.8 నుంచి 10.2 మిల్లీమీటర్లు. పల్చనివి తేలిగ్గా ముద్దుగా ఉంటాయి గానీ తొందరగా అరుగుతాయి, పట్టుకునేవాడి చేతిలోంచి జారతాయి. పట్టుకునే పరికరం మీద అది ఎంత మందం నుంచి ఎంత మందం దాకా పనిచేస్తుందో ముద్రించి ఉంటుంది, మీ తాడు అందులో ఉందో లేదో చూసుకోండి. సగం పొడుగు దగ్గర గుర్తు ఉన్నది కొనండి. నీళ్ళు పీల్చకుండా పూత పూసినవి మంచుకొండలకి అవసరం, మన కాజిల్ రాక్ లాంటి చోట్లకి ఆ అదనపు డబ్బు దండగ. వాన పడ్డాక అక్కడి ఇసకరాయి ఎటూ ఎక్కకూడదు, రాయే ఊడొస్తుంది.

తాళ్ళు తెగడం గురించి ఒక పాత కథ. 1865 జూలై 14న ఆల్ప్స్‌లోని మాటర్‌హార్న్ శిఖరాన్ని మొదటిసారి ఏడుగురు ఎక్కారు. దిగేటప్పుడు ఒకతను జారాడు, అతనితో పాటు ముగ్గురు. నాలుగో మనిషికీ ఐదో మనిషికీ మధ్య తాడు తెగింది. నలుగురు పోయారు, ముగ్గురు మిగిలారు. ఆ దళానికి నాయకుడైన ఎడ్వర్డ్ వింపర్ తర్వాత చూస్తే, తమ దగ్గరున్న మూడు రకాల తాళ్ళలో తెగింది అన్నిటికన్నా పాతదీ బలహీనమైనదీ. బలమైన తాడు ఇంకా బోలెడు మిగిలే ఉంది. తెగిన ముక్క జెర్మాట్ మ్యూజియంలో ఉంది. తాడు తెగబట్టే ముగ్గురు బతికారని కూడా అంటారు, అది వేరే చర్చ. నన్ను ఆలోచింపజేసేది మంచి తాడు దగ్గరుండి కూడా ఆ పూట చేతికి అందింది కట్టేయడం.

అది 1865 కదా, ఇప్పుడలా ఎందుకవుతుందంటారేమో. టాడ్ స్కిన్నర్ అని అమెరికాలో గొప్ప క్లైంబర్. 1988లో పాల్ పియానాతో కలిసి యోసెమిటీలో ఎల్ కాపిటాన్ మీద సలాతే వాల్‌ని, పైకి పోవడానికి పరికరాల ఆసరా లేకుండా, చేతులతో కాళ్ళతో ఎక్కినవాడు. 2006 అక్టోబరు 23న, మనకి కారులో నాలుగు గంటల దూరంలో, అదే యోసెమిటీలో లీనింగ్ టవర్ మీద నుంచి తాడు మీద దిగుతుండగా నడుము పట్టీకి ముందున్న గుండ్రటి పట్టీ తెగి పడిపోయాడు. దాన్ని బిలే లూప్ అంటారు. కొత్తగా ఉన్నప్పుడు 15 కిలోన్యూటన్లు ఆగాల్సిన పట్టీ అది. అరిగి ఉందని తోటివాడు అంతకు ముందే గమనించాడు. స్కిన్నర్‌కీ తెలుసు. కొత్తదానికి ఆర్డరిచ్చి ఉన్నాడని అప్పటి వార్తల్లో వచ్చింది.

ఆయనకి తెలియక కాదు. నాకూ మీకూ కూడా తెలియక కాదు. 'ఈ ఒక్కసారికీ' అనుకుంటాం.

నా తప్పు కూడా అలాంటిదే. తొమ్మిదేళ్ళ క్రితం మా కారు బ్యాటరీ పోయింది. పాతది తిరిగిస్తే కొన్ని డాలర్లు వెనక్కిస్తారని దాన్ని డిక్కీలో వేసుకుని బయల్దేరాను. డిక్కీలోనే తాడు సంచి ఉంది. మలుపులో బ్యాటరీ పక్కకి ఒరిగింది. దుకాణం దగ్గర చూస్తే కార్పెట్ మీద కొంచెం తడి. తుడిచేశాను. సంచి అడుగున కాస్త చెమ్మ తగిలింది. తాడు బయటికి తీసి చూస్తే ఏమీ కనబడలేదు, ఒకచోట రంగు కొంచెం వెలిసినట్టుంది, అంతే. రెండు వందల డాలర్ల తాడు, కొని ఆరునెలలు కూడా కాలేదు. పారేయడానికి మనసొప్పలేదు. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు కూడా.

ఆ శనివారం మా అమ్మాయిని కాజిల్ రాక్ తీసుకెళ్ళాను. అప్పుడు దానికి 11 ఏళ్ళు. పొద్దుటి నుంచి మూడు రాళ్ళెక్కింది. ఎక్కి, పైన లంగరు ముట్టుకుని, 'నాన్నా, పట్టుకో' అని రెండు చేతులూ వదిలేసి వెనక్కి వాలేది. నేను దింపేవాణ్ణి. మధ్యాహ్నం తిండి దగ్గర మాతో వచ్చిన ఒక పెద్దాయనతో మాటల్లో, ఏదో తమాషా చెప్తున్నట్టు, బ్యాటరీ సంగతి చెప్పాను. ఆయన తినడం ఆపేశాడు. తాడంతా వేళ్ళ మధ్య నుంచి లాగుతూ పోయి, వెలిసిన చోట ఆగాడు. నన్నడక్కుండానే జేబులోంచి చాకు తీసి అక్కడ కోశాడు. నాకు కోపం వచ్చింది. ఆయన తొడుగు వెనక్కి లాగి లోపలి పోగుల్ని రెండు వేళ్ళతో పట్టుకుని తుంచాడు. ఎండిన కొబ్బరి పీచులా పుటుక్కుమన్నాయి.

బ్యాటరీలో ఉండేది సల్ఫ్యూరిక్ ఆమ్లం. నైలాన్‌కి దానికన్నా శత్రువు లేదు. పైన తొడుగు బాగానే ఉండి లోపల పోగులు పోవచ్చు. ఆ పూట మూడుసార్లు ఎందుకు తెగలేదంటే, పిల్ల బరువు 32 కిలోలు. అన్ని పోగులూ పోలేదు. అంతకు మించి నా దగ్గర జవాబు లేదు. మా ఆవిడకి ఈ సంగతి నాలుగేళ్ళ తర్వాత చెప్పాను. ఆవిడ ఇప్పటికీ నాతో ఆ విషయం మాట్లాడదు.

ఇదీ నేను నా మిత్రుడికి చెప్పలేకపోయింది. ఫోటోలు పంపుతానన్నాడు. నా చేతుల్లో ఉన్న తాడునే నేను చూసి తెలుసుకోలేకపోయాను, ఫోటో ఏం చెప్తుంది? మనవాళ్ళు పిల్లనిచ్చేటప్పుడు ఏడు తరాలు విచారిస్తారు, జాతకాలు చూస్తారు. తాడుకి కావాల్సిందదే. ఎక్కడ పుట్టింది, ఎవరింట్లో పెరిగింది, డిక్కీలో ఎండలో ఎన్నాళ్ళు మాడింది, ఎవరి బ్యాటరీ పక్కన పడుకుంది. అమ్మేవాడు అబద్ధం చెప్తున్నాడని నేననను. నేను నా తాడు అమ్మి ఉంటే, 'ఆరునెలలే వాడాను, కొత్తదానిలా ఉంది' అనే చెప్పేవాణ్ణి. అది నిజమే అనుకుని చెప్పేవాణ్ణి.

మరి పిసినారులకి దారే లేదా అంటే, ఉంది. బూట్లు నిస్సంకోచంగా పాతవి కొనండి. రాళ్ళెక్కే బూటు అడుగు అరిగితే మళ్ళీ రబ్బరు వేసిచ్చేవాళ్ళున్నారు. బూటు పాడైతే కాలు జారుతుంది, అంతే. వేళ్ళు ముడుచుకుని ఏడుపొచ్చేంత బిగువు ఉండాలని జిమ్‌లో కుర్రాళ్ళు చెప్తారు, వినకండి. వేళ్ళు చివరకి తగిలితే చాలు. సుద్ద సంచి, వీపు సంచి, ఇవీ పాతవి చాలు. లోహపు సామాను, చరిత్ర తెలిసిన స్నేహితుడి దగ్గరైతే తీసుకోవచ్చు. గాట్లు, లోతుగా అరిగిన గాడి, సరిగ్గా మూసుకోని నాలుక లేకుండా ఉంటే చాలు. గుడ్డతో, దారంతో చేసినవేవీ, అంటే తాడు, హార్నెస్, స్లింగులు, ఇంకా హెల్మెట్, వీటిని మాత్రం కొత్తవి కొనాలి.

స్లింగులన్నాను కాబట్టి ఒక ముక్క. సన్నగా తెల్లగా ఉండే డైనీమా పట్టీలు ఇప్పుడు ఎక్కువ వాడుతున్నారు. ఉక్కు కన్నా బలమైనవని అంటారు, నిజమే. కానీ అవి సాగవు. దానితో లంగరుకి కట్టుకుని, లంగరు కన్నా పైకెక్కి, అక్కణ్ణించి జారితే ఆ కొద్దిపాటి దూరానికే భయంకరమైన కుదుపు వస్తుంది. ముడి వేసి ఉంటే పట్టీ తెగనూవచ్చు. ఇందాకటి భాగాహారమే.

హార్నెస్ వేసుకుని చూడకుండా కొనకండి. మంచి దుకాణంలో పై నుంచి ఒక తాడు వేలాడుతూ ఉంటుంది, సిగ్గుపడకుండా ఐదు నిమిషాలు వేలాడండి. నడుము పట్టీ తుంటి ఎముకల పైన ఉండాలి. బిగించాక కిందికి లాగితే తుంటి దాటి రాకూడదు. మనలో మధ్యవయసు వాళ్ళకి బొజ్జ వల్ల ఇది ఒక సమస్యే, నాకూ ఉంది. తలకిందులైతే ఊడిపోయేలా ఉంటే ఛాతీ మీదుగా కూడా పట్టీ ఉన్నది తీసుకోవాలి. చిన్నపిల్లలకి తుంటి ఎముకలు ఇంకా తేలవు కనక వాళ్ళకీ అదే.

హెల్మెట్ పరీక్షలో 5 కిలోల బరువుని 2 మీటర్ల ఎత్తు నుంచి దాని మీద వదులుతారు. లోపల తలకి 10 కిలోన్యూటన్లకి మించి చేరకూడదు. పిన్నకిల్స్ వెళ్ళేవాళ్ళకి నేను చెప్పనక్కర్లేదు, అక్కడ రాయి పట్టుకుంటే రాయి చేతిలోకి వస్తుంది. నురుగుతో చేసినవి తేలిగ్గా ఉంటాయి, ఒక పెద్ద దెబ్బ తింటే వాటి పని అయిపోయినట్టే.

మంచుకొండల సంగతి చెప్పడానికి ఇవాళ సమయం లేదు. షాస్తా పర్వతం 14,179 అడుగులు. వేసవి మొదట్లో మన కుర్రాళ్ళు చాలామంది వెళ్తుంటారు కాబట్టి ఒక్క మాట. బూట్లు, వాటి కింద కట్టే క్రాంపాన్ల ఇనపముళ్ళు, మంచుగొడ్డలి, ఇవన్నీ మొదటిసారికి అద్దెకి తీసుకోండి, కొనద్దు. కాకపోతే ముళ్ళూ బూటూ ఒకదానికొకటి నప్పుతాయో లేదో దుకాణంలోనే చూడండి. బూటుకి అమర్చి, పట్టీ కట్టకుండా బూటు పైకెత్తితే ముళ్ళు ఊడిపడకూడదు. ముందూ వెనకా ఇనపకమ్మీతో పట్టేవి, వాటికి తగ్గ అంచులున్న బూట్లకే నప్పుతాయి. మామూలు హైకింగ్ బూటుకి పట్టీలతో కట్టుకునేవే దిక్కు. పార్కింగ్ దగ్గర తెల్లవారుజామున రెండింటికి, వేళ్ళు కొంకర్లు పోతుండగా, ఇది తెలుసుకోకూడదు.

ఇక ఫోన్లు తీసుకుందాం.

శ్రోత: కొత్త తాడు కొని అలమారలో పెట్టేస్తే ఎన్నేళ్ళుంటుందండీ?

జవాబు: ఒక్కసారీ వాడకపోయినా పదేళ్ళకి మించి వాడొద్దని చాలా కంపెనీలు రాస్తాయి. వారం వారం ఎక్కేవాళ్ళకి ఏడాది రెండేళ్ళు. తాడుతో పాటు వచ్చే కాగితంలో మీ కంపెనీ ఏం చెప్పిందో ఉంటుంది, పారేయకుండా చదవండి. కొన్న తేదీ ఆ కాగితం మీదే రాసి పెట్టుకోండి. అమ్మిన సరుకు వెనక్కి పిలిపించినప్పుడు కూడా ఆ కాగితం మీది నంబరే పనికొస్తుంది.

శ్రోత: తాడు బాగుందో లేదో ఇంట్లో చూసుకోవడం ఎలా?

జవాబు: మా గౌండ్ల మామ చూసినట్టే. ఈ కొస నుంచి ఆ కొస దాకా వేళ్ళ మధ్య నుంచి పోనివ్వండి. ఎక్కడైనా మెత్తగా, చప్పగా, ఉబ్బుగా తగిలితే ఆగండి. అక్కడ వంచి వేళ్ళతో నొక్కండి. మంచి తాడు గుండ్రంగా వంగి మధ్యలో చిన్న కన్నులా సందు మిగులుతుంది. కాగితంలా మడత పడిపోతే లోపల పోగులు పోయినట్టే. లోపలి తెలుపు కనబడితే ఇక చూడ్డానికేం లేదు. కానీ అమ్మా, ఈ పరీక్షలన్నీ చరిత్ర తెలిసిన తాడుకి. ఆమ్లం వేళ్ళకి తెలీదు.

శ్రోత: ఉతకొచ్చా సార్?

జవాబు: ఉతకొచ్చు. గోరువెచ్చని నీళ్ళు, గాఢత లేని సబ్బు, బ్లీచ్ వద్దు. నీడలో ఆరేయాలి. డ్రయర్‌లో వేయకూడదు. మేము స్నానాల తొట్టిలో ఉతుకుతాం, ఇంట్లో వాళ్ళు లేనప్పుడు.

శ్రోత: ఇండియా వెళ్తున్నాను, మా తమ్ముడి కొడుకు క్లైంబింగ్ నేర్చుకుంటున్నాడు. నా పాత హార్నెస్ పట్టుకెళ్ళనా?

జవాబు: ఎన్నేళ్ళదండీ? పదకొండా? వద్దండీ. నేనూ ఒకసారి సూట్‌కేసులో పెట్టి మళ్ళీ తీసేశాను. మనం పనికిరాదనుకున్నది వాళ్ళకి పనికొస్తుందనుకోవడం పాత చీరల దగ్గర చెల్లుతుంది. ఇష్టముంటే కొత్తది కొనివ్వండి, లేదా ఆ డబ్బు ఇవ్వండి. ఇక్కడ దొరికే ప్రమాణాల సామాను ఇప్పుడు అక్కడా దొరుకుతోంది. 2024లో తెలంగాణలో గీత కార్మికులకి 'కాటమయ్య రక్షణ కవచం' పేరుతో ప్రభుత్వం ఇవ్వడం మొదలుపెట్టిన కిట్లు కూడా ఇలాంటి తాళ్ళూ కొక్కేలూ పట్టీలే. మా మామ బతికుంటే దాన్నీ ముందు గంటసేపు తడిమి చూసేవాడు.

సమయం అయిపోయిందంటున్నారు. స్టూడియోకి వచ్చేముందు మా మిత్రుడి నుంచి మెసేజి వచ్చింది. 200 డాలర్లు పెట్టి తాడు కొన్నాడట, బిల్లు ఫోటో పంపాడు, కింద నా మీద ఒక తిట్టు కూడా ఉంది. రేపు పొద్దున తొమ్మిదింటికి అబ్బాయిని మా గరాజ్‌కి పంపుతున్నాడు. తాడు విప్పి, ఇద్దరం చెరో కొస పట్టుకుని కూర్చుంటాం. సెలవు.